పాచి, గార, మరక

బళ్ళారిలో ఒకనాటి బ్రిటిష్ కంటోన్మెంటును ఆశ్రయించుకుని పెరిగిన కౌల్ బజార్, తెలుగు, కన్నడ, ఉర్దూ మూడు భాషలూ ఒకే వీధిలో వినబడే పేట. పళ్ళు తోముకునే పద్ధతుల్లోనూ అక్కడ అంతే వైవిధ్యం కనిపిస్తుంది. వేపపుల్లో కానుగపుల్లో నమిలేవారు, మిస్వాక్ పుల్లను జేబులో ఉంచుకునేవారు, నంజనగూడు పళ్ళపొడిని అరచేతిలో పోసుకుని చూపుడువేలితో రుద్దుకునేవారు, ఉప్పూ బొగ్గుపొడీ కలిపి తోముకునే వృద్ధులు, ప్రకటనల్లో చూపినట్టు బ్రష్షు పొడవునా పేస్టు పరిచే పిల్లలు, అందరూ ఆ పేటలో పక్కపక్క ఇళ్ళలోనే ఉంటారు. సాధనాలకు కొరత లేదు, పొద్దున లేవగానే నోరు శుభ్రం చేసుకోనిదే మంచినీళ్ళైనా ముట్టని ఆచారమూ బలంగానే ఉంది. అయినా పిప్పిపళ్ళూ చిగుళ్ళ జబ్బులూ ఈ ఊళ్ళోనూ, ఇలాంటి ఊళ్ళన్నిటిలోనూ సర్వసాధారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి జబ్బుతో ఉన్నారు, వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యాదాయ దేశాలవారే. తోముకోవడం అనే పని జరుగుతూనే ఉన్నా, పంటి మీద నుంచి తొలగించవలసినది ఏమిటో, ఏ వేళ తొలగించాలో తెలియక శ్రమలో చాలా భాగం వృథా అవుతోంది.

పంటి మీద కనిపించేవాటిని మూడుగా విడదీసి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. మొదటిది పాచి: సూక్ష్మజీవులతో నిండిన, దాదాపు రంగులేని మెత్తటి జిగట పొర, దీన్నే దంతవైద్యులు ప్లాక్ అంటారు. రెండోది గార: ఆ పాచే లాలాజలంలోని ఖనిజాలతో కలిసి రాయిలా గట్టిపడి, పసుపుగానో గోధుమరంగుగానో పంటి మొదట్లో పేరుకునే పదార్థం. మూడోది మరక: టీ, వక్కాకు, పొగాకుల వల్ల పైపైన పట్టేది ఒక రకం, తాగే నీటిలోని ఫ్లోరైడు వల్ల పన్ను తయారయ్యే దశలోనే లోపల ఏర్పడేది మరో రకం. బ్రష్షు పూర్తిగా తొలగించగలిగేది పాచిని మాత్రమే. గార బ్రష్షుకు లొంగదు, ఫ్లోరైడు మరక అసలు మురికే కాదు. అద్దంలో కనబడేవి గార, మరకలే గనుక మనుషుల శ్రద్ధ, బలం, ఖర్చు అన్నీ వాటి మీదికే పోతున్నాయి. పంటిని తినేసేదీ చిగురును కుళ్ళబెట్టేదీ అయిన పాచి మాత్రం కంటికి ఆనదు.

పాచి పుట్టే తీరు

ఎంత శుభ్రంగా తోమిన పన్నయినా కొద్ది నిమిషాలకే లాలాజలంలోని మాంసకృత్తులతో ఏర్పడిన అతి సన్నని పొరను కప్పుకుంటుంది. ఆ పొర హానికరమైనది కాదు గాని, నోటిలో తిరుగాడే సూక్ష్మజీవులకు అదే ఆధారం. ముందు కొన్ని జాతులు దానికి అతుక్కుంటాయి, వాటికి మరికొన్ని అతుక్కుంటాయి, తినే చక్కెరను ముడిసరుకుగా వాడుకుని అవి తమ చుట్టూ ఒక జిగురును తయారుచేసుకుంటాయి. ఒక రోజు గడిచేసరికి అది ఒకదానికొకటి ఆసరాగా బతికే జీవుల వసతిగా మారుతుంది. ఇంటి ముందు నీళ్ళతొట్టి గోడకు పట్టిన పాకుడు ఎన్ని చెంబుల నీళ్ళు గుమ్మరించినా పోక, కొబ్బరిపీచుతో రుద్దితేనే పోయినట్టు, పాచి కూడా పుక్కిలింతకు కదలదు, దేనితోనైనా రాపిడి తగలవలసిందే. పుదీనా వాసన వచ్చే నోటిమందుతో పుక్కిలించి పని అయిందనుకోవడం పొరపాటు కావడానికి కారణం ఇదే.

ఈ జీవులను మొదటిసారి కళ్ళారా చూసిన వ్యక్తి హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. తాను స్వయంగా సానపట్టి చేసుకున్న కటకం కింద, తన పళ్ళ సందుల్లోంచి గీసిన తెల్లటి పదార్థాన్ని పెట్టి, అందులో చురుగ్గా కదులుతున్న లెక్కలేనన్ని ప్రాణులను చూసి, 1683లో లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. ఆయన ప్రతి ఉదయం పళ్ళను ఉప్పుతో రుద్దుకుని, గుడ్డతో తుడుచుకునే మనిషి, తన పళ్ళు చాలామంది పళ్ళకన్నా శుభ్రమని నమ్మినవాడు. అయినా సందుల్లో ఆ పదార్థం మిగిలే ఉందన్నది ఉప్పుతో తోముకునే అలవాటున్న ప్రతి ఇంటివారూ గమనించదగిన విషయం. ఆ ప్రాణులు చేసే పని ఏమిటో తేలడానికి మరో రెండు వందల ఏళ్ళు పట్టింది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విల్లబీ మిల్లర్ 1890లో ప్రచురించిన గ్రంథంలో, నోటిలోని సూక్ష్మజీవులు పిండి, చక్కెరలను పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయనీ, ఆ ఆమ్లమే పంటి ఖనిజాన్ని కరిగిస్తుందనీ వివరించాడు. పిప్పిపంటిలో పురుగు ఉంటుందన్న నమ్మకం అంతకుముందు ఆసియా, ఐరోపాలంతటా ఉండేది. ఇప్పటికీ పంటిపురుగు తీస్తామని సంతల్లో మందు వేసేవారు కనిపిస్తారు, కాని పన్ను పుచ్చడానికి కారణం ఆమ్లం. ఆ ఆమ్లం తయారీలో ముఖ్యపాత్ర ఉన్న స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే సూక్ష్మజీవిని ఇంగ్లండులో క్లార్క్ అనే పరిశోధకుడు 1924లో గుర్తించాడు.

పంటి పైపూత అయిన ఎనామిల్ మనిషి శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం, దాని బరువులో సుమారు 96 శాతం కాల్షియం, ఫాస్ఫేటులతో కూడిన ఖనిజమే. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ అనే కొలమానంలో సంఖ్య తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది; నోటిలో అది సుమారు 5.5కు దిగితే ఎనామిల్ నుంచి ఖనిజం కరిగి బయటికి రావడం మొదలవుతుంది. చక్కెర తగిలిన కొద్ది నిమిషాల్లోనే పాచి కింద పీహెచ్ ఆ గీత దాటి పడిపోతుందనీ, మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుందనీ అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ 1940ల్లో కొలిచి చూపాడు. ఆ గంటలో లాలాజలం ఆమ్లాన్ని విరిచి, కరిగిన ఖనిజంలో కొంత భాగాన్ని తిరిగి పంటికి అందిస్తుంది. కాబట్టి పంటికి తీపి ఎంత తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది పెద్ద లెక్క.

ఈ లెక్కను బళ్ళారి తిండికి అన్వయించి చూడవచ్చు. పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ ఆంధ్ర, కర్ణాటక సరిహద్దుకు రెండువైపులా ఇష్టమైన ఫలహారం. ఉగ్గాణిలోని నానిన బొరుగులూ, పైన చల్లిన పుట్నాలపొడీ దవడపళ్ళ గుంటల్లోనూ సందుల్లోనూ మెత్తగా ఇరుక్కుంటాయి; అది కారపు వంటకమే అయినా, అందులోని పిండిపదార్థాన్ని లాలాజలంలోని ఎంజైము చక్కెరగా విడగొడుతుంది గనుక పాచిలోని జీవులకు అదీ మేతే. ఒక్కసారి తిని, మంచినీళ్ళతో బాగా పుక్కిలించి లేస్తే దానివల్ల వచ్చే నష్టం స్వల్పం. జీన్స్ కుట్టే కార్ఖానాల్లో మిషను ముందు కూర్చున్న మనిషి చక్కెర వేసిన అరగ్లాసు టీని గంట గంటకూ తాగినప్పుడు మాత్రం, పాచి కింద పీహెచ్ కోలుకునే లోపే మళ్ళీ పడిపోతూ, పని ముగిసేవరకు పళ్ళు ఆమ్లంలోనే నానుతాయి. ఆ టీలను తగ్గించుకోవడం, లేదా ఒక్కో టీ తరువాత రెండు గుక్కల నీళ్ళతో నోరు కడుక్కోవడం ఏ ఖరీదైన పేస్టుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

చిగుళ్ళ నుంచి రక్తం

పాచికీ చిగుళ్ళ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని సందేహానికి తావులేకుండా తేల్చిన ప్రయోగం డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో జరిగింది. హారల్డ్ లోయ్ బృందం 1965లో ప్రచురించిన ఆ పరిశీలనలో చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్న 12 మంది పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేశారు. 10 నుంచి 21 రోజుల లోపల వారందరి చిగుళ్ళూ ఎర్రబారి వాచాయి, మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో తిరిగి ఆరోగ్యస్థితికి వచ్చాయి. ఏ మందూ వాడలేదు, ఆహారం మార్చలేదు. పాచిని పేరుకోనిచ్చినప్పుడు జబ్బు వచ్చింది, తీసేసినప్పుడు పోయింది.

ఈ ఫలితం చాలా ఇళ్ళలో ఉన్న ఒక అలవాటును సూటిగా ఖండిస్తుంది. తోముతున్నప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం కనబడగానే ఆ చోట బ్రష్షు పెట్టడం మానేసి, కొన్నాళ్ళపాటు వేలితోనే సరిపెట్టుకునేవారు ఎందరో ఉన్నారు. రక్తం వస్తున్నదంటే అక్కడ పాచి మిగిలి, చిగురు వాచి ఉన్నదని అర్థం. మెత్తని కుచ్చుతో సున్నితంగా ఆ చోటనే శ్రద్ధగా శుభ్రం చేస్తే చాలామందిలో ఒకటి రెండు వారాల్లో రక్తం ఆగిపోతుంది. అప్పటికీ ఆగకపోతే లోపల గార ఉండవచ్చు, చిగురు కింద ఎముక తరిగిపోవడమూ మొదలై ఉండవచ్చు, అలాంటప్పుడు దంతవైద్యునికి చూపించడం తప్పనిసరి. పొగ తాగేవారిలో జబ్బు ముదిరినా రక్తం తక్కువగా కనిపిస్తుంది గనుక వారికి ఈ ముందస్తు హెచ్చరిక కూడా అందదు. మధుమేహం ఉన్నవారిలో చిగుళ్ళ జబ్బు తొందరగా ముదురుతుంది, ముదిరిన చిగుళ్ళ జబ్బు రక్తంలో చక్కెరను అదుపు చేయడం కష్టతరం చేస్తుంది.

గార ఎక్కువగా పట్టేది కింది ముందుపళ్ళ వెనకవైపున, పై దవడపళ్ళ బుగ్గవైపున. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది ఆ రెండు చోట్లకు దగ్గరగానే. కదిలించకుండా వదిలేసిన పాచి కొద్ది రోజుల్లోనే ఖనిజం పట్టి గట్టిపడడం ప్రారంభిస్తుంది, ఆ తరువాత దాన్ని తీయడానికి దంతవైద్యుని పరికరం కావలసిందే. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని, సందులు పడతాయని ఒక భయం ఊరూరా ఉంది. నిజానికి ఎముక తరిగి ఏర్పడిన ఖాళీలను గారే పూడ్చి ఉంచుతుంది. తీసేశాక ఆ ఖాళీ కంటికి కనబడుతుంది. చిన్న సూదిమొనతోనో పిన్నుతోనో ఇంట్లోనే గార గీసుకోవడం మాత్రం నిజంగా ప్రమాదం, ఎందుకంటే గీరుకున్న ఎనామిల్ తిరిగి రాదు, చిల్లుపడిన చిగురు చీము పట్టవచ్చు.

రాత్రి వేళ

తెలుగు ఇళ్ళలో పొద్దున తోముకోవడానికి ఆచారబలం ఉంది, రాత్రి తోముకోవడానికి లేదు. శరీరధర్మం చూస్తే రాత్రిదే ముఖ్యమైన వేళ. నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది, దానితోపాటే ఆమ్లాన్ని విరిచే శక్తీ, పంటికి ఖనిజాన్ని తిరిగి అందించే సరఫరా కూడా ఆగుతాయి. పగలు గంటలో సర్దుకునే ఆమ్లం రాత్రి ఎన్నో గంటలు అలాగే నిలిచిపోతుంది. రాత్రి భోజనం తరువాత ఒక అరటిపండు, ఒక గ్లాసు తీపి పాలు, పెద్దవాళ్ళకు వక్కాకు, ఆపైన నిద్ర అన్నదే మామూలు వరస. తోముకోవడం ఈ వరసలో అన్నిటికన్నా చివర చేరాలి, దాని తరువాత మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లోకి పోకూడదు.

ఇది పాశ్చాత్యులు నేర్పిన కొత్త పద్ధతి అనుకోవలసిన అవసరం లేదు. చరకసంహిత సూత్రస్థానంలో దంతధావనాన్ని రోజుకు రెండు వేళలా చేయమనీ, కొన నలగగొట్టిన పుల్లను వాడమనీ, చిగుళ్ళకు బాధ కలగకుండా తోమమనీ ఉంది. రెండు వేళలు, మెత్తని కొన, చిగురుకు గాయం కాకపోవడం: నేటి దంతవైద్యుడు చెప్పే మూడు ముఖ్యమైన మాటలూ అందులో ఉన్నాయి. కాలక్రమంలో పుల్ల నిలిచింది గాని రెండో వేళ జారిపోయింది.

పసిపిల్లల విషయంలో రాత్రి వేళ మరింత కీలకం. పాలసీసా నోట్లో ఉంచుకునే నిద్రపోయే పిల్లల్లో పై ముందుపళ్ళు మొదట పాడవుతాయి, కింది ముందుపళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది గనుక అవి కొంతకాలం బాగుంటాయి. పై నాలుగు పళ్ళు నల్లగా పుచ్చి, కిందివి తెల్లగా ఉన్న రెండేళ్ళ పిల్లను చూడగానే దంతవైద్యుడు రాత్రి సీసా సంగతి అడుగుతాడు. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అని వదిలేయడం తగదు, ఆ పళ్ళ నొప్పితో పిల్లలు అన్నం మానేస్తారు, వాటి కిందనే శాశ్వత దంతాలు తయారవుతుంటాయి. మొదటి పన్ను కనబడిన రోజు నుంచే పెద్దలు తోమాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేవరకు పిల్లల వేళ్ళకు ఆ నేర్పు రాదు గనుక అప్పటివరకు తల్లో తండ్రో చేతిసాయం ఇవ్వాలి.

చేతిలోని పని

ఇప్పుడు వాడుతున్న నైలాన్ కుచ్చుల బ్రష్షు 1938లో అమెరికాలో మార్కెట్టుకు వచ్చింది. అంతకుముందు పందివెంట్రుకలతో చేసేవారు. మెత్తని కుచ్చు, చిన్న తల ఉన్న బ్రష్షు అందరికీ చాలు. గట్టి కుచ్చు ఎక్కువ శుభ్రం చేస్తుందన్నది తప్పుడు నమ్మకం. టులేన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిభాగానికి డీన్‌గా పనిచేసిన చార్లెస్ బాస్ 1948లో వివరించిన పద్ధతినే కొద్ది మార్పులతో నేటికీ నేర్పుతున్నారు. కుచ్చును పన్నూ చిగురూ కలిసే గీత మీద, చిగురువైపు 45 డిగ్రీల వాలుగా ఆనించి, అక్కడికక్కడే చిన్నగా ముందుకూ వెనక్కూ కదిపి, ఆ తరువాత చిగురు నుంచి పంటి కొనవైపు ఊడ్చాలి. రెండు మూడు పళ్ళ చొప్పున జరుగుతూ బయటివైపు, లోపలివైపు, నమిలే వైపు మూడూ పూర్తిచేయడానికి కనీసం రెండు నిమిషాలు పడుతుంది. చాలామంది తోముడు నిమిషం కూడా నిలవదు, ఆ నిమిషంలోనూ ఎక్కువ భాగం నవ్వితే కనబడే పళ్ళకే దక్కుతుంది. కింది పళ్ళ లోపలివైపు నుంచి మొదలుపెట్టడం అలవాటు చేసుకుంటే, ఓపిక ఉన్నప్పుడే కష్టమైన చోటు పూర్తవుతుంది.

గట్టిగా అడ్డంగా రుద్దడం వల్ల జరిగే నష్టానికి సాక్ష్యం ఎవరి నోట్లోనైనా వెతకవచ్చు. చిగురు కిందికి జారినచోట బయటపడే పంటి మెడభాగానికి ఎనామిల్ రక్షణ ఉండదు, అది మెత్తన. ఏళ్ళతరబడి రాపిడి తగిలితే అక్కడ గోటికి తగిలే కోసుడు గాడి ఏర్పడుతుంది, చల్లనీళ్ళు తగిలితే పన్ను జివ్వుమంటుంది. కుడిచేతివాటం వారిలో ఈ గాడి ఎడమవైపు కోరపన్ను, దాని పక్కపళ్ళ మీద ఎక్కువగా కనబడుతుంది, ఎందుకంటే చేతి బలమంతా మొదట పడేది అక్కడే. ఇటుకపొడి, బొగ్గు, గరుకు ఉప్పు, జేగురు కలిసిన పొడులు ఈ అరుగుదలను వేగవంతం చేస్తాయి. వాటితో తోమినప్పుడు పళ్ళు తెల్లబడినట్టు అనిపించేది పైపై మరకలు గీసుకుపోవడం వల్ల. ఎనామిల్ పలచబడేకొద్దీ కింది పొర పసుపు బయటపడి పళ్ళు మరింత పచ్చగా కనిపిస్తాయి. పొడి వాడక తప్పదనుకునేవారు వేళ్ళ మధ్య నలిపినప్పుడు గరుకు తెలియని మెత్తని పొడినే ఎంచుకోవాలి.

పొగాకు కలిసిన పళ్ళపొడుల, పేస్టుల తయారీని, అమ్మకాన్ని భారత ప్రభుత్వం 1992లో నిషేధించింది. అయినా నస్యాన్ని పళ్ళకూ చిగుళ్ళకూ రాసుకునే అలవాటు, ముఖ్యంగా పెద్దవయసు స్త్రీలలో, రాయలసీమ పల్లెల్లో ఇంకా ఉంది. పంటినొప్పి తగ్గినట్టు అనిపించడంతో మొదలై వ్యసనంగా మారే ఈ అలవాటు నోటి క్యాన్సరుకు దారితీస్తుంది. దాన్ని పళ్ళు తోముకునే పద్ధతిగా లెక్కించడమే తప్పు.

పుల్లల మీద ఇంతటి అభ్యంతరం లేదు. మిస్వాక్ వంటి పుల్లలు నోటి శుభ్రతకు తోడ్పడవచ్చనీ, వాటి ఫలితం గురించి మరింత పరిశోధన అవసరమనీ 2000 నాటి అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయ నివేదిక పేర్కొంది. వేప, కానుగపుల్లలకూ అదే సూత్రం వర్తిస్తుంది: కొనను బాగా నమిలి కుచ్చులా మెత్తబరిచి, చిగురు నుంచి పంటి కొనవైపు నిలువుగా తోమాలి, ప్రతిరోజూ కొత్త పుల్ల వాడాలి. పుల్లకు ఉన్న ఇబ్బంది పళ్ళ లోపలివైపుకు వంగి చేరలేకపోవడం, పంటిని కాపాడే ఫ్లోరైడు పేస్టులో ఉన్నంతగా దానిలో లేకపోవడం. పొద్దున పుల్ల, రాత్రి బ్రష్షు అనే ఏర్పాటు ఈ లోటును తీరుస్తుంది. పళ్ళ సందుల్లోకి మాత్రం పుల్లా చేరదు, బ్రష్షూ చేరదు. చీపురుపుల్ల, సేఫ్టీపిన్ను వంటివాటికి బదులు మందుల దుకాణంలో దొరికే సన్నని దంతదారాన్నో, సందుల కోసం చేసిన చిన్న బ్రష్షునో రాత్రిపూట ఒకసారి వాడితే సరిపోతుంది. మూడు నాలుగు నెలలకో, కుచ్చులు విచ్చుకోగానేనో బ్రష్షు మార్చాలి. ఎండకు నిమ్మసోడా తాగిన వెంటనే మాత్రం తోమకూడదు, ఆమ్లంతో మెత్తబడిన ఎనామిల్ రాపిడికి తేలికగా పోతుంది గనుక అరగంట ఆగడం మంచిది.

రాతిలోని ఫ్లోరైడు, పేస్టులోని ఫ్లోరైడు

ఈ ప్రాంతంలో పళ్ళ గురించి రాసే ఏ రచనా ఫ్లోరైడును దాటి పోలేదు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు 1901లో వచ్చిన యువ దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడివారి పళ్ళ మీద గోధుమరంగు మరకలను గమనించి, కారణం కోసం మూడు దశాబ్దాలు వెతికాడు. మరకలున్న ఆ పళ్ళు తక్కువగా పుచ్చుతున్నాయన్నది ఆయనను మరింత ఆశ్చర్యపరిచిన విషయం. 1931లో చర్చిల్ అనే రసాయనశాస్త్రవేత్త తాగునీటిలోని ఫ్లోరైడే దీనికి కారణమని కనిపెట్టాడు. మన దేశంలో ఈ జబ్బు తెలుగునేల మీదనే మొదట వెలుగులోకి వచ్చింది. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, నేటి ప్రకాశం ప్రాంతపు పొదిలి, దర్శి పరిసరాల్లో, వెన్నెముక బిగుసుకుపోయి నడుము వంగని రైతులను, మచ్చలుపడిన పళ్ళున్న పిల్లలను పరీక్షించి, షార్ట్ తదితర వైద్యులు 1937లో నివేదిక ప్రచురించారు. బళ్ళారి కూడా అప్పుడు అదే మద్రాసు రాజధానిలోని జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయాయి గాని, సరిహద్దుకు రెండు వైపులా నేల కింద ఉన్నది ఒకే జాతి పురాతన గ్రానైటు శిల. ఆ శిలలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నెమ్మదిగా నీటిలో కరుగుతుంది. వానలు తక్కువై, బోర్లు లోతై, నీరు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉండేకొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. అందుకే కర్ణాటకలోని ఫ్లోరైడు పీడిత జిల్లాల్లో బళ్ళారి ఒకటి, పక్కనే ఉన్న అనంతపురం ప్రాంతానిదీ అదే స్థితి.

దంత ఫ్లోరోసిస్ అనే ఈ మరక పన్ను చిగురులోంచి బయటికి రాకముందే నిర్ణయమైపోతుంది. ఎనామిల్‌ను తయారుచేసే కణాల పనికి అధిక ఫ్లోరైడు అడ్డుపడినప్పుడు, ఆ పూత లోపల సన్నని రంధ్రాలు మిగిలి, పన్ను సుద్దలా తెల్లని చారలతో వస్తుంది. తరువాత ఏళ్ళలో ఆ రంధ్రాల్లోకి రంగులు దిగి చారలు గోధుమవర్ణానికి మారతాయి. జ్ఞానదంతాలు తప్ప మిగిలిన పళ్ళ పూత సుమారు ఎనిమిదేళ్ళ వయసుకు పూర్తవుతుంది, నవ్వితే కనిపించే ముందుపళ్ళకు మొదటి మూడేళ్ళు చాలా సున్నితమైన కాలం. ఎనిమిదేళ్ళు దాటినవారికి కొత్తగా దంత ఫ్లోరోసిస్ రాదు, ఉన్నది తోమితే పోదు. ఈ ఒక్క విషయం తెలియక ఎందరో యువతీయువకులు తమకు శుభ్రత లేదన్న మాట పడుతూ, పెళ్ళిచూపుల్లో నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంటూ, బొగ్గుతో ఇటుకతో రుద్ది ఉన్న ఎనామిల్‌ను పోగొట్టుకుంటున్నారు. ఆ మరక వారి తప్పు కాదు, మురికి అసలే కాదు. పైపొరను అతి పలచగా సానపట్టడం, పంటిరంగు పూత వేయడం వంటి చికిత్సలు దంతవైద్యుల దగ్గర ఉన్నాయి.

ఇక్కడే చాలామందికి ఒక న్యాయమైన సందేహం వస్తుంది: నీటిలో ఫ్లోరైడు కీడు చేస్తున్నప్పుడు పేస్టులో అది ఎందుకు? మింగిన ఫ్లోరైడు రక్తంలోకి చేరి, తయారవుతున్న పంటినీ ఎముకనూ దెబ్బతీస్తుంది. పేస్టులోని ఫ్లోరైడు చేసే మేలు పంటి పైభాగానే జరుగుతుంది. ఆమ్లానికి కరుగుతున్న ఖనిజం తిరిగి చేరడానికి అది తోడ్పడి, మరింత ఆమ్లాన్ని తట్టుకునే పొరను ఏర్పరుస్తుంది. అందుకే పేస్టును ఉమ్మేయాలి, ఉమ్మేశాక నీళ్ళతో బాగా పుక్కిలించి ఆ కాస్తనూ కడిగేయకుండా ఉండాలి.

మోతాదును లెక్కవేసి చూస్తే భయమూ నిర్లక్ష్యమూ రెండూ సర్దుకుంటాయి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడు పది లక్షల వంతుల్లో 1000 వంతులకు, అంటే గ్రాముకు ఒక మిల్లీగ్రాముకు మించకూడదు. బ్రష్షు పొడవునా పరిచిన పేస్టు సుమారు ఒక గ్రాము, అందులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉంటుంది. బఠాణీగింజంత పేస్టు పావు గ్రాము, అందులో పావు మిల్లీగ్రాము. బియ్యపుగింజంత పేస్టులో మిల్లీగ్రాములో పదో వంతు మాత్రమే. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. లీటరుకు మూడు మిల్లీగ్రాములున్న బోరునీటిని రోజుకు లీటరు తాగే పిల్లకు నీటి నుంచే మూడు మిల్లీగ్రాములు చేరుతుంది. పేస్టు మానిపించి ఆ నీటినే తాగించడం వల్ల ఆ పిల్లకు దక్కే రక్షణ స్వల్పం. అదే సమయంలో పండ్ల రుచిగల పేస్టును చప్పరించి మింగే పసివాడికి బ్రష్షు నిండా పేస్టు వేయడమూ తప్పే. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్ళ లోపు వారికి బఠాణీగింజంత చాలు, అదీ పెద్దలే వేసివ్వాలి. నీటిలో ఫ్లోరైడు ఎక్కువని తేలిన ఊళ్ళలో చిన్నపిల్లలకు ఏ పేస్టు వాడాలో దంతవైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. పెద్దవారు ఎక్కడివారైనా ఫ్లోరైడు పేస్టును నిశ్చింతగా వాడవచ్చు.

బళ్ళారి నగరానికి తుంగభద్ర కాలువ నీరు అందుతుంది గనుక కుళాయి నీటినే తాగే ఇళ్ళకు ఈ ఇబ్బంది తక్కువ. కుళాయి రాని రోజుల్లో బోరునీటితో వంటా తాగుడూ సాగించే ఇళ్ళకూ, నగరం చుట్టుపక్కల పల్లెలకూ ప్రశ్న మిగిలే ఉంది. నీటిని మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మిగిలినదానిలో మరింత చిక్కబడుతుంది. మామూలు వడపోత ఫిల్టరూ దాన్ని ఆపలేదు. ఆర్.ఓ. యంత్రం తగ్గిస్తుంది, పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ విధానమూ తగ్గిస్తుంది, అన్నిటికన్నా మేలైనది దూరం నుంచైనా నదినీటిని తేవడం. అనంతపురం జిల్లాలో 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు 700కు పైగా గ్రామాలకు మంచినీటిని చేర్చి అది సాధ్యమేనని చూపింది.

ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుండి, బోరునీరు తాగుతున్నవారు ఒక సీసాడు నీటిని నీటి పరీక్షల ప్రయోగశాలకు పంపి ఫ్లోరైడు ఎంత ఉందో రాయించుకోవాలి. ఆ కాగితంలోని సంఖ్య 1.5 దాటితే తాగడానికీ వంటకూ వేరే నీరు వెంటనే ఏర్పాటు చేసుకోవాలి, వీధివారందరూ కలిసి నగరపాలికనో పంచాయతీనో అడగాలి. పళ్ళలో నొప్పి పుట్టేదాకా ఆగకుండా, ఏడాదికి ఒకసారి బళ్ళారిలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలకో దగ్గరి దంతవైద్యునికో పిల్లలతో సహా వెళ్ళి చూపించుకుని, గార ఉంటే తీయించుకోవాలి. మిగిలిన పని ప్రతి రాత్రి పడుకోబోయే ముందు, మెత్తని బ్రష్షుతో, రెండు నిమిషాలది.